ఎనుము విన్న ఉపన్యాసం

తిరుత్తణిలో ఆడికృత్తిక నాడు పదివేలమందిని ఒక్క పెట్టున నవ్వించిన నోరు ఇది. నమ్మకం లేకపోతే తిరువళ్ళూరు దగ్గర పాండూరుకు వచ్చి మా ఇంటి దండెం చూడండి. పాతికకు పైగా జరీ శాలువాలు వేలాడుతుంటాయి. మా వైపు వేదికెక్కి మాట్లాడినవాడి భుజాన కప్పే శాలువాను పొన్నాడై అంటారు. పేరులో బంగారం, గుడ్డలో నైలాను. ఒకటి చలికి దూడ మీద కప్పాం. ఒకటి మా ఆవిడ గోవిందమ్మ మిక్సీకి తొడుగు కుట్టింది. ఇంకొకటి టీవీయస్ సీటు చిరిగితే దానికి చుట్టాం. మిగిలినవి అట్లాగే ఉన్నాయి. తుడుచుకుంటే నీళ్ళు పీల్చవు, కప్పుకుంటే చలి ఆగదు.

నా పేరు వరదయ్య. ఊళ్ళో తెలుగు బడి ఉన్న కాలంలో ఐదో తరగతి దాకా చదివాను. మాట్లాడటం మాత్రం ఎవరూ నేర్పలేదు, అది ఒంట్లోనే ఉంది. పళవేర్కాడులో నేను చూసిన రొయ్య కథ మా చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. దాని మీసాలతో రెండు పడవలను గుంజకు కట్టేసి జాలరివాళ్ళు అన్నానికి పోయారు. వాళ్ళు తిరిగి వచ్చేసరికి రొయ్య పడవలను లాక్కొని పొన్నేరి బస్సు ఆగేచోటికి వచ్చి నిలబడింది. ఆ కథ చెబితే టీ కొట్టు ఆదిమూలం నాకు టీ ఊరికే ఇచ్చేవాడు. ఇప్పుడు చెప్పకుండా కూర్చుంటే ఇస్తానంటున్నాడు.

ఇదంతా పోయిన ఏడాది, తమిళ పంచాంగం ఆడి నెల సంగతి. ఆ నెల పుట్టిందంటే మా జిల్లాలో ప్రతి ఊళ్ళోనూ అమ్మవారికి అంబలి పోస్తారు. అంబలితోపాటు సాయంత్రం ఏదో ఒక కార్యక్రమం ఉండాలి. డబ్బున్న ఊరు పాటకచేరీ పెట్టుకుంటుంది. అంత లేని ఊరు పట్టిమండ్రం పెట్టుకుంటుంది. పట్టిమండ్రం అంటే మాటల పోటీ. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, మధ్యలో తీర్పు చెప్పే పెద్ద. ఆయన్ను నడువర్ అంటారు. ఆయన ముందర ఒక గంట ఉంటుంది. మాట్లాడేవాడు విసిగిస్తే గంట కొడతాడు. ఇంటికి వెలుగు మొగుడా పెళ్ళామా అని గంటన్నర వాదించి, చివర్లో ఇద్దరూ అని చెప్పి, కవర్లు తీసుకొని వేనెక్కి పోతారు. ఈ పనితోనే కొందరు ఇళ్ళు కట్టారు. నేను అబద్ధాలు ఆడతానని మీకు తెలుసు గాని ఇది నిజం.

ఆడి మొదటి ఆదివారం మా అబ్బాయి రఘు ఆత్తిపట్టు నుంచి సంచితో దిగాడు. అక్కడ కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. వారమంతా అక్కడే గదిలో ఉండి ఆదివారం వచ్చిపోయేవాడు. వయసు నలభై దాటింది. పొద్దున్నే షిఫ్టు మొదలయ్యే ముందు పనివాళ్ళను వరుసగా నిలబెట్టి, టోపీ పెట్టుకోండి, బెల్టు కట్టుకోండి అని పది నిమిషాలు మాట్లాడటం వాడి డ్యూటీలో ఒక భాగం. కదిలితే గైర్హాజరు పడుతుంది కాబట్టి అందరూ కదలకుండా వినేవాళ్ళు. ఏడాదికొకసారి సేఫ్టీ వారంలో చప్పట్లు కూడా కొట్టేవాళ్ళు. అక్కడ కుట్టింది పురుగు.

అన్నం దగ్గర కూర్చొని చెప్పాడు.

"పని మానేస్తా ఉండాను నాయనా. ఈ ఆడి అయిపోయేదాకా చూస్తా. కుదరలేదంటే మళ్ళీ పోతా. అంతవరకు నా జాగా ఉంచుతానన్నాడు మేస్త్రీ."

"మానేసి ఏం చేస్తావురా?"

"మాట్లాడతా."

"ఆ పని నేను డెబ్బై ఏళ్ళుగా చేస్తా ఉండాను. ఎవురూ ఒక ముద్ద పెట్టలా."

"నువ్వు ఊరికే మాట్లాడతావు. నేను తొళిల్‌గా మాట్లాడతా."

తొళిల్ అంటే వృత్తి. ఆ మాట అన్నప్పుడు వాడి వీపు నిటారుగా అయింది. నేను చూశాను. గోవిందమ్మ గరిటె పట్టుకొని నా వైపు చూసింది, ఏమన్నా అంటే గరిటె నా మీద పడుతుందన్నట్టు. కోడలు సౌమ్య మజ్జిగ పోసి లోపలికి పోయింది. మొగుడు ఇంటిపట్టున ఉంటాడనే సంతోషమొకటి, ఎట్లా గడుస్తుందనే దిగులొకటి, ఆమె మొహంలో రెండూ ఉన్నాయి.

తిరువళ్ళూరులో ఏకాంబరం అని ఒక నడువర్ ఉన్నాడు. రిటైరైన తమిళం అయ్యవారు, మీసానికి రంగు వేస్తాడు. రఘు ఆయన్ను ముందే కలిసి వచ్చాడు. ఆయన చెప్పింది ఇది. ఆడి నెలలో రెండు మూడు ఊళ్ళలో ఒక మూల కుర్చీ ఇస్తాడు. దానికి పొన్నాడై, బస్సు చార్జీ, అంతే. ఆడికృత్తిక నాడు తిరుత్తణిలో పెద్ద వేదిక ఉంది. అక్కడ రఘు నిలబడగలిగితే ఏడాది పొడుగునా తన బృందంలో మనిషి. నవరాత్రికి, పొంగల్‌కు, కాలేజీల వార్షికోత్సవాలకు, అన్నిటికీ కవరుతో. నిలబడలేకపోతే నమస్కారం.

రఘు ఒక నోటుబుక్కు కొని రాసుకున్నాడు, అంతా తమిళంలోనే. ఇంట్లో మేము మాట్లాడేది తెలుగే అయినా వాడు చదివింది తమిళ బడిలో. నాకేమో తమిళం నోటికి వచ్చినంత కంటికి రాదు. బస్సు బోర్డు చదువుతాను, అంతకు మించి లేదు. వాడు రాసింది ఇంట్లో మాట్లాడే తమిళం కూడా కాదు, గ్రంథాలలో ఉండే తమిళం. తెలుగింటివాడని ఎవరూ కనిపెట్టకూడదని వాడి పట్టుదల.

రెండో వారంలో సౌమ్య నా దగ్గరకు వచ్చింది.

"మామా, ఎనుము పాలు చేపడం లేదు."

"మేత మారిందా?"

"మేత కాదు. మీ కొడుకు సాయంత్రమంతా దాని ముందర నిలబడుకోని అరస్తా ఉండాడు."

పోయి కొట్టం తడికె సందులోంచి చూశాను. వాడు ఒక కర్రకు చెంబు బోర్లించి మైకు చేసుకున్నాడు. బోర్లించిన బకెట్టు మీద ఆవు మెడగంట పెట్టుకున్నాడు, అది నడువర్. చేయి పైకెత్తి సభకు నమస్కారం చెప్పాడు. ఎనుము, అదే మా గేదె, నెమరు వేస్తూ చూసింది. వాడు మాట్లాడుతున్నాడు. ఎక్కడైనా ఎనుము మొహం తిప్పుకుంటే ఆగిపోయి, బకెట్టు మీది గంట తానే కొట్టి, మళ్ళీ మొదటినుంచి సభకు నమస్కారం చెప్పేవాడు. నాలుగుసార్లు చూశాను. ఐదోసారి నాకు దగ్గు వచ్చింది.

వాడు తిరిగి చూసి, చెంబు కిందికి దించాడు.

"మనుషుల ముందర నిలబడితే గొంతు ఆరిపోతుంది నాయనా. దీని ముందర అలవాటు చేసుకుంటా ఉండాను. ఎవురికీ చెప్పొద్దు."

"నేనెందుకు చెప్తానురా."

కావాలంటే నా రొయ్య కథ తీసుకొమ్మన్నాను. జనం గుక్క తిప్పుకోరని చెప్పాను. వాడు కాసేపు ఎనుము మెడ నిమిరాడు. అవి టీ కొట్టు కథలు నాయనా అన్నాడు. ఊరికే వస్తాయి కాబట్టే ఊరికే వింటారు అన్నాడు. ఆ మాట మీద నాకు కోపం లేదు. కాకపోతే ఇన్నాళ్ళైనా మాట పొల్లుపోకుండా గుర్తుంది.

మూడో ఆదివారం మా ఊరి అంబలి. అమ్మవారి గుడి ముందు పందిరి వేశారు. ఎండ తగ్గకముందే ఏకాంబరం బృందం వేనులో దిగింది. వేదిక మీద ఏడు కుర్చీలు, చివరి కుర్చీలో మా రఘు. వాదం ఆ మొగుడా పెళ్ళామా అన్నదే. మా వైపు ఒక ఆచారం ఉంది. మాట్లాడుతున్నవాడు నచ్చితే మధ్యలోనే ఎవరైనా వేదికెక్కి పొన్నాడై కప్పవచ్చు. అది పడితే అతనికి జనం ఉన్నారని లెక్క. గోవిందమ్మ ముందు రోజే తిరువళ్ళూరు పోయి ఒకటి కొనుక్కొచ్చింది.

"మన ఇంట్లోంచి ఒకటి పడల్ల. నువ్వే పొయ్యి కప్పు. నోరు మాత్రం తెరవబాక."

రఘు లేచాడు. మొదటి నిమిషం బాగానే ఉంది. తర్వాత అంబలి గిన్నెల చప్పుడు పెద్దదైంది. ఆడవాళ్ళు ఒకరినొకరు పిలుచుకున్నారు. ముందు వరుసలోవాళ్ళు ఫోన్లు తీశారు. వాడు గ్రంథం తమిళంలో ఒకదాని మీద ఒకటి మాటలు పేరుస్తూనే ఉన్నాడు, చూపు మాత్రం జనం నెత్తి మీదుగా ఎక్కడో ఉంది. ఎనుము మొహం తిప్పుకున్నప్పుడు కొట్టంలో ఎట్లా ఉన్నాడో అట్లాగే ఉన్నాడు. ఏకాంబరం చేయి గంట మీదికి పోయింది. ఇప్పుడు పొన్నాడై పడితే ఆ చేయి ఆగుతుందనుకున్నాను. ఇది మాత్రం మంచి బుద్ధితోనే చేశాను. పరుగున మెట్లెక్కి వాడి భుజాన కప్పాను.

ఏకాంబరానికి ఊపిరాడింది. పెద్దాయన కన్నతండ్రి అట, కొడుకు గురించి ఒక్క మాట చెబుతాడు అని మైకు నా చేతిలో పెట్టాడు. బాగా చెప్పినాడు అని దిగిపోదామనే అనుకున్నాను. కానీ ఎదురుగా చూస్తే గిన్నెలు ఆగాయి, మొహాలన్నీ నా వైపు తిరిగాయి.

"మావాడు ఈ ఉపన్యాసాన్ని ఆడి పుట్టినప్పటి నుంచి మా ఎనుముకు చెప్తా ఉండాడు," అన్నాను, సగం తెలుగు, సగం తమిళం, మేము మామూలుగా మాట్లాడేది. "మొదటి దినం అది మేత మానేసింది. రెండో దినం పాలు మానేసింది. మూడో దినం పలుపు తెంచుకోని రోడ్డెక్కి తిరుత్తణి బస్సుకు అడ్డం నిలబడింది. కండక్టరు దిగి యాడికమ్మా అన్నాడు. ఈ మొగుడూ పెళ్ళాల తగువు తెగేదాకా కొండమింద సామికాడ ఉంటానయ్యా అనింది. ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు గదా, ఎక్కించుకున్నాడు."

ముందు వరుసలో ఒక ముసలామె అంబలి మీద పోసుకుంది. పందిరి గుంజలు ఊగాయి. ఏకాంబరం మీసం పట్టుకొని నవ్వాడు. రఘు నా పక్కనే నిలబడి భుజం మీది పొన్నాడై జారకుండా సర్దుకుంటున్నాడు.

ఇంటికి వచ్చాక గోవిందమ్మ కంచం నా ముందర ఠంగున పెట్టింది. రఘు అన్నం తిని చేయి కడుక్కొని వచ్చాడు.

"చెప్పనన్నావు గదా నాయనా."

"జనం నవ్వినారు గదరా."

"నవ్వినారు," అన్నాడు, నిజమే అన్నట్టు. కొట్టం వైపు పోబోయి, ఆగి, లోపలికి పోయి పడుకున్నాడు.

రెండు రోజులకు ఏకాంబరం ఫోను చేశాడు. ఫోను రఘుది, అడిగింది నన్ను. అక్కడెవరో తీసిన వీడియో చాలా దూరం పోయిందట. తాత ఐదు నిమిషాలు ఎనుము కథ చెబితే చాలన్నాడు. రఘు కింద ముందు వరుసలో కూర్చుంటే చాలు, చూపించడానికి అన్నాడు. మరి వాడి కుర్చీ అని అడిగాను. తాత వస్తే తిరుత్తణిలో తప్పకుండా ఉంటుందన్నాడు. రఘు స్పీకరులో పెట్టి అంతా విన్నాడు. నేను పోను అంటే సరిపోయేది. సరే అన్నాను. కొడుకు కోసమే అని గోవిందమ్మకు చెప్పాను. మీ దగ్గర దాపరికమెందుకు, నాకు మైకు రుచి తగిలింది.

ఆ తర్వాత పది రోజుల్లో ఐదు ఊళ్ళు తిరిగాం, ఊరికి నాలుగైదు పొన్నాడైలు పడ్డాయి. రఘు టీవీయస్ నడిపేవాడు, నేను వెనక కూర్చునేవాణ్ణి. పోను పోను ఎనుము బస్సులో డ్రైవరు పక్క సీటు పట్టింది, కొండ మెట్లు ఎక్కింది, మొక్కుకొని కొమ్ములకు పసుపు పూయించుకుంది. చివర్లో ఏకాంబరం వేలు చూపించి, ఆ ఎనుమును అంత హింస పెట్టినవాడు ఇతనే అనేవాడు. రఘు లేచి నాలుగు వైపులా దండం పెట్టి కూర్చునేవాడు. ఒక ఊళ్ళో కమిటీవాళ్ళు వాడి భుజాన కూడా ఒక పొన్నాడై కప్పి, ఇది ఎనుముకు ఇవ్వు అన్నారు. వాడు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. దూడ మీద కప్పింది అదే.

ఒకనాడు పొద్దున సౌమ్య పాల చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

"ఎనుము ఇప్పుడు బాగా చేపుతా ఉంది మామా. ఆయన కొట్టంలోకి పోవడం మానుకున్నాడు."

మామను ఆటపట్టిస్తోందనుకొని నవ్వాను. ఆమె చెంబు అక్కడే వదిలి పోయింది.

ఆడికృత్తిక వచ్చింది. పదివేలమంది అన్నాను గదా, అది కొండకు పోయినవాళ్ళ సంగతి. పసుపు గుడ్డలు, పూల కావళ్ళు, హరోహర అంటూ మెట్లు నిండిపోయి పైకి పోతూనే ఉన్నారు. పోయేవాళ్ళలో ఎవరూ మా వైపు చూడలేదు. కొండ కింద రోడ్డు పక్కన వేసిన మా పందిట్లో ఉన్నది అరవై మంది. అందులో సగం మంది కొండ దిగి వచ్చి కాళ్ళు పిసుక్కుంటున్నారు. కొందరు మధ్యాహ్నం పెట్టిన పులిహోర తిని నిద్రపోతున్నారు. పెద్ద వేదిక అని ఏకాంబరం అన్నాడు. వేదిక పెద్దదే.

ఆ రోజు వాదం, పిల్లలను పెంచడంలో గొప్ప తల్లా తండ్రా అని. రఘుది తండ్రి పక్షం. పొద్దున సౌమ్య చొక్కా రెండుసార్లు ఇస్త్రీ చేసింది. ఈసారి నోటుబుక్కు లేదు, ఒక్కటే కాగితం. దారిలో బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"నాయనా, ఈ దినం నా తర్వాత చెప్పు నీ కథ. ముందర వొద్దు."

"అట్లనే లేరా."

ఆ మాట నిలబెట్టుకున్నాను. మైకు ముందుకు పోలేదు, చేయి కూడా ఎత్తలేదు. వేదిక మీద ఒక మూల కుర్చీలో కూర్చొని మోకాళ్ళు పట్టుకున్నాను.

రఘు లేచాడు. గ్రంథం తమిళం వదిలేశాడు. మా వీధిలో మాట్లాడే తమిళమే, మెల్లగా, చూపు జనం మీదే ఉంచి, "మా నాయన," అని మొదలుపెట్టాడు. నాయన అన్న మాట తెలుగులోనే అన్నాడు. గొంతు వణకలేదు. కాళ్ళు పిసుక్కుంటున్న ఒకాయన చేయి ఆపి తలెత్తాడు. ఇది కుదిరేటట్టుందే అనుకున్నాను.

జనం వెనకనుంచి ఎవడో నన్ను గుర్తుపట్టాడు. ఎనుము తాత, ఎనుము తాత అన్నాడు. ఫోనులో వీడియో పెట్టి పక్కవాడికి చూపించాడు. దానిలోంచి నా గొంతే పందిట్లో వినబడింది. నిద్రపోతున్నవాళ్ళు లేచారు. రఘు వాళ్ళు ఆగేదాకా ఆగాడు. మళ్ళీ, "మా నాయన," అన్నాడు. ఎనుము యాడ అని ఒకడు అరిచాడు. ఎనుమును పిలువు అని ఇంకొకడు. ఏకాంబరం జనాన్ని చూశాడు, రఘును చూశాడు, గంట కొట్టాడు. గట్టిగా కూడా కొట్టలేదు.

రఘు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. నా దగ్గరకు వచ్చి నన్ను లేపి, దాన్ని నా చొక్కా జేబులో పెట్టాడు. మైకు స్టాండు మర తిప్పి నా ఎత్తుకు దించాడు. సరిపోయిందా అని చేత్తో చూసి, పక్కకు జరిగాడు. నేను కథ చెప్పాను. అరవై మందీ నవ్వారు. కొండ దిగుతున్నవాళ్ళు కొందరు నిలబడి నవ్వారు. రఘు కూడా వేదిక పక్కన నిలబడి, పొట్ట పట్టుకొని, అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నా మనసు తేలికపడింది.

సోమవారం మొదటి బస్సుకు వాడు ఆత్తిపట్టు పోయాడు. జాగా ఉంది. పొద్దున పది నిమిషాలు మాట్లాడే పని మాత్రం ఇంకెవరికో ఇచ్చారట, వీడే వద్దన్నాడట. ఆదివారం ఆదివారం వచ్చేవాడు ఇప్పుడు నెలకొకసారి వస్తున్నాడు. నేను ఏదైనా చెబితే ఊఁ అంటాడు. ఊఁ కొట్టేవాడు దొరకాలని కథలు చెప్పేవాడికి ఆశ ఉంటుంది. ఆ ఊఁ మాత్రం వేరు.

నాకూ పిలుపులు ఆగిపోయాయి. ఎనుము కథ అందరి ఫోనుల్లోనూ ఉంది, ఇంకా తాతను పిలిచి కవరు ఇవ్వడం దేనికి? నవరాత్రి ముందర ఏకాంబరం ఒకసారి ఫోను చేసి, కొత్తది ఏమన్నా ఉందా అని అడిగాడు. రొయ్య కథ మొత్తం చెప్పాను. అంతా విని, మళ్ళీ చేస్తానన్నాడు. చేయలేదు. తొళిల్ వాడికీ రాలేదు, నాకూ రాలేదు. శాలువాలు వచ్చాయి.

ఆ కాగితం నా పెట్టెలో ఉంది. తమిళం గదా, నేను చదవలేను. సౌమ్య చదవగలదు, పక్క గదిలోనే ఉంటుంది. అడగలేదు. మడతలు కూడా విప్పలేదు.

చివరగా ఒక్క మాట. నా కథల్లో ఏది నిజమని మీరు తల బద్దలు కొట్టుకోనక్కర లేదు. రొయ్య మీసానికి పడవలు కట్టింది కావాలంటే నమ్మండి. ఎనుము ఊరికే బస్సెక్కింది కూడా నమ్మండి, నష్టం లేదు. తిరుత్తణిలో రఘు నవ్వాడన్నాను చూడండి, అదొక్కటి నేను కల్పించాను.